పంచాయతీ విచారణకు వెళ్తున్నారా? ముందు కార్బన్ కాపీ చూడండి

సోమవారం ప్రజావాణిలో ఒక అర్జీ పడుతుంది. "మా ఊరి కార్యదర్శి ఇంటి పన్ను డబ్బులు మింగేశాడు." అది కలెక్టరేట్ నుంచి డీపీవో (జిల్లా పంచాయతీ అధికారి) ఆఫీసుకు, అక్కడి నుంచి నా టేబుల్ మీదికి వచ్చేది. పైన ఒకే ఒక్క లైను: విచారించి నివేదిక పంపండి. తెలంగాణలో డివిజనల్ పంచాయతీ అధికారిగా ఉన్నన్నాళ్లూ నాకిదే పని. ఇప్పుడు ఆ సీట్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఫోన్ చేసి "మేడం, ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. ప్రతిసారీ అదే చెప్పలేక ఇలా రాస్తున్నాను.

ముందు అర్జీని విడగొట్టండి. ఒక్క కాగితంలో పది గొడవలుంటాయి. కార్యదర్శి ఆలస్యంగా వస్తాడు, సర్పంచ్ బావమరిదికి మోరీ పని ఇచ్చారు, వీధి లైట్లు వెలగవు, పన్ను కట్టినా రసీదు ఇవ్వలేదు. వీటిలో కాగితంతో తేలేవి ఏవి, మనుషుల్ని అడిగితే తప్ప తేలనివి ఏవి అని రెండు వరసలు రాసుకోండి. ఆకాశరామన్న ఉత్తరమే అయినా సరే, అందులో రసీదు నంబరో తేదీయో ఉంటే నేను పక్కన పడేయను. రాసినవాడికి లోపలి సంగతి తెలుసన్నమాట.

ఊళ్లో ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయం కాదు. సర్పంచ్ గారింట్లో భోజనం ఏర్పాటు చేశామంటారు. వద్దనండి. నేను టిఫిన్ బాక్సు తీసుకెళ్లి బడి వరండాలో తినేదాన్ని. అర్జీ పెట్టినవాళ్ల ఇంట్లో టీ కూడా వద్దు. సాయంత్రానికి ఆ టీ సంగతి ఊరంతా తెలుస్తుంది.

ఇక పుస్తకాలు. ఎవరినీ ఒక్క ప్రశ్న అడగకముందే రసీదు పుస్తకాలు, డిమాండు రిజిస్టరు (ఏ ఇంటికి ఎంత పన్ను రావాలో రాసుండేది), క్యాష్ బుక్, చలానాలు మీ చేతికి తీసుకోండి. ఏమేం తీసుకున్నారో జాబితా రాసి, కార్యదర్శి సంతకం తీసుకుని, ఒక కాపీ అతనికి ఇవ్వండి. తర్వాత "నేనిచ్చిన పుస్తకంలో ఆ పేజీ ఉంది, మేడమే చింపారు" అన్నవాళ్లూ ఉన్నారు. అందుకే పేజీలు అక్కడికక్కడే లెక్కపెట్టాలి.

డబ్బు నడిచే దారి ఇది: రసీదు, క్యాష్ బుక్, చలానా, ట్రెజరీ. ఈ నాలుగింటి తేదీలు ఒక తెల్లకాగితం మీద పక్కపక్కన వేయండి. జూన్‌లో వసూలైన డబ్బు నవంబరులో ట్రెజరీకి చేరితే, ఆ ఐదు నెలలు అది ఎవరి జేబులో ఉంది? "చివరికి కట్టేశాను కదా మేడం" అంటారు. కట్టినా అది తాత్కాలిక దుర్వినియోగమే, అభియోగం అలాగే రాయాలి. స్టాక్ రిజిస్టరులో ఎన్ని రసీదు పుస్తకాలు వచ్చాయో, ఇప్పుడు ఎన్ని కనిపిస్తున్నాయో కూడా చూడండి. నేను చూసిన పెద్ద మొత్తాలన్నీ ఆ కనిపించని పుస్తకంలోనే ఉన్నాయి.

తర్వాత ఇళ్లకు వెళ్లండి. పన్ను రసీదును మనవాళ్లు అంత తేలిగ్గా పారేయరు. నల్లా కాగితాలతో కలిపి ట్రంకు పెట్టెలోనో, దేవుడి పటం వెనకో దాస్తారు. ఒక ఊళ్లో ఒక ముసలమ్మ తీసిచ్చిన రసీదులో 1,450 రూపాయలుంది. ఆఫీసులోని కార్బన్ కాపీలో 450. అలాంటప్పుడు రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ వెలుగుకు పట్టుకోండి. కార్బన్ పెట్టి ఒకేసారి రాసినదైతే అక్షరం మీద అక్షరం కూర్చుంటుంది. ఇక్కడ సంతకం కూడా అరంగుళం పక్కకు పోయింది. ఆ తర్వాత కార్యదర్శిని నేను పెద్దగా అడగాల్సిందేమీ మిగల్లేదు.

చదువురాని వాళ్ల వాంగ్మూలం వాళ్ల మాటల్లోనే రాయండి. ఆ ముసలమ్మ "సారుకు పైసలిచ్చిన" అంటే అదే రాయాలి, "సదరు కార్యదర్శికి పన్ను చెల్లించితిని" అని కాదు. చదివి వినిపించి, వేలిముద్ర తీసుకుని, చదువొచ్చిన ఇంకొకరి సాక్షి సంతకం పెట్టించండి.

పనుల బిల్లుల దగ్గర ఎం.బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) చేతిలో పెట్టుకుని టేపు పట్టి కొలవడమే. ట్రాక్టరు డీజిల్ ఉంటే లాగ్ బుక్‌ను మెకానిక్ బిల్లుతో పోల్చండి. షెడ్డులో మరమ్మతుకు పడి ఉన్న రోజున ట్రాక్టరు మూడు ట్రిప్పుల చెత్త మోసినట్టు రాసుంటుంది.

ఇంతవరకు ప్రాథమిక విచారణ. ఇది చేసిన మీరు తర్వాత సాక్షి అవుతారు కాబట్టి, సీసీఏ నియమాలు (ప్రభుత్వ ఉద్యోగుల క్రమశిక్షణ నియమాలు) 1991లోని 20వ నియమం కింద జరిగే అసలు శాఖాపరమైన విచారణకు మీరే ఎంక్వైరీ ఆఫీసరుగా కూర్చోకూడదు. మీ పేరు వేస్తే వెంటనే రాసి చెప్పండి.

వేరే కేసులో మిమ్మల్ని ఎంక్వైరీ ఆఫీసరుగా వేస్తే, నేను చేసిన తప్పు చేయకండి. నా మొదటి కేసులో ఆడిట్ అభ్యంతరం ఫైల్లో ఉంది, స్పష్టంగా ఉంది. దాన్నే జతచేసి "అభియోగం రుజువైనది" అని రాసేశాను. ఆడిటర్‌ను పిలవలేదు, ఒక్క సాక్షినీ విచారించలేదు. కోర్టు కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేయమంది. కాగితం ఫైల్లో పెట్టినంత మాత్రాన రుజువు కాదని, దాన్ని సాక్షి వచ్చి చెప్పాలని సుప్రీంకోర్టు రూప్‌సింగ్ నేగి కేసులో చెప్పింది. నాకు తెలియలేదు, నా పై అధికారీ చెప్పలేదు. డబ్బు తిన్న మనిషి మరో మూడేళ్లు అదే జీతంతో ఉన్నాడు. ఆ రిపోర్టు కాపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

ఆ కుర్చీలో మీరు శాఖ తరఫు మనిషి కాదు. శాఖ వాదన వినిపించడానికి ప్రెజెంటింగ్ ఆఫీసరు ఉంటారు. ఉద్యోగికి పత్రాల కాపీలివ్వండి, సాక్షుల్ని ప్రశ్నించనివ్వండి. అతను రాకపోయినా, నోటీసు అందిన రుజువు పెట్టుకుని, సాక్షుల్ని మాత్రం విచారించాల్సిందే. రోజూ ఏం జరిగిందో ఆర్డర్ షీటులో రాసి వచ్చినవాళ్ల సంతకాలు తీసుకోండి. వాయిదాలు అడుగుతూనే ఉంటారు. వీలైతే 6 నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలోపు ముగించాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను మొదటి రోజే ఇద్దరికీ చదివి వినిపించేదాన్ని.

నివేదికలో ఒక్కో అభియోగానికి విడివిడిగా రాయండి: ఏ సాక్షి, ఏ పత్రం, ఏ పేజీ. రుజువు కానిది కాలేదని రాయడానికి మొహమాటపడకండి. శిక్ష ఏం వేయాలో రాయకండి, అది మీ పని కాదు. పంపేటప్పుడు కవరింగ్ లెటర్‌లో ఒక మాట గుర్తుచేయండి: శిక్ష నిర్ణయించే ముందు నివేదిక కాపీ ఉద్యోగికి ఇచ్చి జవాబు తీసుకోవాలి. ఈ సూత్రాన్ని 1993లో రాజ్యాంగ ధర్మాసనం ఖాయం చేసింది మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులోనే. అయినా పై ఆఫీసుల్లో మర్చిపోతారు. కాపీ అందినట్టు ఉద్యోగి సంతకం ఫైల్లోకి వచ్చిందో లేదో ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి.