స్ప్లిట్‌లో దిగాలా, దుబ్రోవ్నిక్‌లోనా? టికెట్ కొనే ముందు చూసుకోవలసినవి

క్రొయేషియా సముద్రతీరానికి బయలుదేరేవారు చాలామంది ముందు చవక టికెట్ వెతుకుతారు, ఆ తర్వాత మ్యాప్ తెరుస్తారు. ముందు తెరవాల్సింది మ్యాప్. స్ప్లిట్, దుబ్రోవ్నిక్ నగరాలున్న దాల్మేషియా (క్రొయేషియా దక్షిణ తీరప్రాంతం) పొడవుగా, సన్నగా సాగుతుంది. ఒక పక్క కొండ, మరో పక్క నీళ్లు. తప్పు విమానాశ్రయంలో దిగితే, పోనీలే రైల్లో వెళ్దాం అనుకోవడానికి లేదు. దుబ్రోవ్నిక్‌కు రైలు మార్గమే లేదు. స్ప్లిట్ నుంచి అక్కడికి దాదాపు 230 కిలోమీటర్లు, బస్సులో నాలుగు గంటలు. జులై, ఆగస్టు నెలల్లో ఇంకా ఎక్కువ.

హైదరాబాద్ నుంచి క్రొయేషియాకు నేరుగా విమానం లేదు. ఎలాగూ ఒకచోట మారాలి కాబట్టి, చివరి మజిలీ ఏ ఊరిలో అన్నది మన చేతిలోనే ఉంటుంది. దాన్ని తేల్చేది టికెట్ ధర కాదు, మొదటి రాత్రి ఎక్కడ పడుకుంటారన్నది.

హ్వార్, బ్రాచ్, విస్ వంటి దీవులు చూడాలనుకుంటే స్ప్లిట్‌లోనే దిగండి. విమానాశ్రయం ఊళ్లో లేదు. త్రోగిర్ పట్టణానికి దగ్గర, స్ప్లిట్‌కు ఇరవై కిలోమీటర్లకు పైగా దూరం. ఊళ్లోకి వచ్చాక మాత్రం సుఖం: బస్టాండు, రైల్వే స్టేషను, ఓడరేవు పక్కపక్కనే ఉంటాయి. అయితే వేగంగా వెళ్లే కటమరాన్ పడవలు మనుషులనే ఎక్కించుకుంటాయి, కార్లకు వేరే ఫెర్రీలు. దీవికి వెళ్లే చివరి పడవ ఎన్నింటికో చూడకుండా సాయంత్రం దిగే టికెట్ కొనకండి. విమానం గంట ఆలస్యమైనా పడవ ఆగదు. మధ్యాహ్నం దాటాక దిగేవారు ఆ రాత్రికి స్ప్లిట్‌లోనో త్రోగిర్‌లోనో గది తీసుకోవడం మేలు. త్రోగిర్ పాత పట్టణం యునెస్కో జాబితాలో ఉన్నదే, కాబట్టి ఆ రాత్రి వృథా అనుకోనక్కరలేదు.

దుబ్రోవ్నిక్ విమానాశ్రయం ఉన్న ఊరి పేరు చిలిపి. నిజంగానే. పేరుకు తగ్గట్టే అక్కడ కొండల మీది నుంచి సముద్రం వైపు బురా అనే చల్లటి ఈదురుగాలి వీస్తుంది. అది రేగినప్పుడు విమానాలు ఆలస్యం కావడం, వేరే ఊరికి మళ్లించడం మామూలే. చలికాలంలో దీని జోరు ఎక్కువ. పైగా వేసవి పోగానే అనేక విదేశీ సర్వీసులు ఆగిపోతాయి కాబట్టి, నవంబరు తర్వాత వెళ్లేవారు రాజధాని జాగ్రెబ్ మీదుగా ఆలోచించడమే నయం.

ఇక అసలు ప్రమాదం వీసాలో ఉంది. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంజెన్‌లో క్రొయేషియా 2023 జనవరి 1న చేరింది. దాని ఇరుగుపొరుగులైన బోస్నియా, మాంటెనెగ్రో చేరలేదు. దుబ్రోవ్నిక్‌కు టికెట్ వెతికితే, పక్కనే ఉన్న తివాత్ కొన్నిసార్లు చవకగా కనిపిస్తుంది. అది మాంటెనెగ్రోలో ఉంది. సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) షెంజెన్ వీసాతో, షెంజెన్‌లోనే ఉన్న జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో రెండు రోజులు గడిపి తివాత్‌కు ఎగిరారనుకోండి, షెంజెన్ దాటి వెళ్లిపోయినట్టే. ఆ వీసాతో మళ్లీ క్రొయేషియాలోకి రానివ్వరు. వీసా సరిగ్గా ఉన్నా, వేసవిలో ఆ సరిహద్దు దగ్గర వాహనాల వరుసలో గంటలు గడిచిపోతాయి. దుబ్రోవ్నిక్ నుంచి ఒక్కరోజు బోస్నియాలోని మోస్తార్, మాంటెనెగ్రోలోని కోటోర్ చూసి వద్దామనుకునేవారికీ ఇదే చిక్కు: మల్టిపుల్ ఎంట్రీ ఉంటేనే కదలండి.

స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్‌కు రోడ్డు మీద వెళ్లేటప్పుడూ ఈ బెడద ఉండేది. మధ్యలో నెయుమ్ దగ్గర బోస్నియా సముద్రం దాకా చొచ్చుకొచ్చి క్రొయేషియాను రెండు ముక్కలు చేస్తుంది. 2022 జులైలో పెల్యెషాట్స్ వంతెన తెరిచాక బోస్నియాలో అడుగుపెట్టకుండానే వెళ్లవచ్చు. బస్సు టికెట్ కొనేటప్పుడు అది వంతెన మీదుగా వెళ్తుందో లేదో అడిగి తెలుసుకోండి. కారు అద్దెకు తీసుకుంటే, దగ్గరి దారి అంటూ ఫోనులోని మ్యాప్ నెయుమ్ వైపు తిప్పుతుందేమో గమనించండి.

మనవాళ్లలో ఒక అపోహ ఉంది: వీసా ఇచ్చిన దేశంలోనే మొదట దిగాలని. అలాంటి నియమం లేదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతేనే మొదట అడుగుపెట్టే దేశం లెక్కలోకి వస్తుంది. కాబట్టి క్రొయేషియా వీసాతో ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగి స్ప్లిట్‌కు మారవచ్చు. కాకపోతే ఇమిగ్రేషన్ ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే జరుగుతుంది. 2025 అక్టోబరు 12 నుంచి ఐరోపాలో కొత్త ఎంట్రీ, ఎగ్జిట్ నమోదు పద్ధతి మొదలైంది. మొదటిసారి వచ్చేవారి వివరాలు తీసుకుని ముఖం ఫొటో తీస్తారు, వరుసలు పెరుగుతాయి. మధ్యలో రెండు గంటలే ఉన్న టికెట్‌ను నేనైతే ముట్టుకోను. దుబాయ్ లేదా ఇస్తాంబుల్ మీదుగా వస్తే ఆ పని క్రొయేషియాలో దిగాకే ఉంటుంది. లండన్ మీదుగా అయితే ట్రాన్సిట్ వీసా సంగతి ముందే తేల్చుకోండి.

రెండు వేర్వేరు టికెట్లు కొని కలుపుకోవడం ఆదాలా కనిపిస్తుంది గానీ, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ డబ్బు మీదే, బాధ్యతా మీదే. పిల్లలతో, పెద్దలతో వెళ్లేవారు దీని జోలికి పోవద్దు.

వారం పది రోజుల సెలవైతే నా ఓటు స్ప్లిట్‌లో దిగి, దీవులు చూసుకుంటూ దక్షిణానికి వెళ్లి, దుబ్రోవ్నిక్‌లో విమానం ఎక్కే టికెట్‌కే. ఒకే బుకింగ్‌లో ఇలా తీసుకుంటే ధర పెద్దగా పెరగకపోవచ్చు, వెనక్కి వచ్చే ఒక రోజు మిగులుతుంది. కారు ఒక ఊళ్లో తీసుకుని మరో ఊళ్లో అప్పగిస్తే అదనపు రుసుము పడుతుంది, అది కూడా లెక్కలో వేసుకోండి. చివరి రాత్రి మాత్రం దీవిలో ఉండవద్దు. గాలి రేగి పడవలు ఆపేస్తే విమానం చేజారుతుంది.

డబ్బు కట్టే ముందు ఇంకొక్క చూపు: జదార్ విమానాశ్రయం సంకేతం జడ్‌ఏడీ, రాజధాని జాగ్రెబ్‌ది జడ్‌ఏజీ. ఒక్క అక్షరమే తేడా. జదార్ సముద్రం ఒడ్డున ఉంది, జాగ్రెబ్ నుంచి సముద్రం చూడాలంటే కొండలు దాటాలి.