డ్యూపాంట్ బీర్లకు మార్కులు వేసే ముందు
బెల్జియంలోని తూర్ప్ గ్రామంలో ఉన్న డ్యూపాంట్ కుటుంబ బ్రూవరీ బీర్లను పోల్చి చూడాలంటే తేలికైనదానితో మొదలుపెట్టండి: ముందు 6.5% ఆల్కహాల్ ఉన్న సేజాన్ డ్యూపాంట్, తర్వాత 8.5% మ్వానెట్ బ్లాండ్, ఆఖరున 9.5% బాన్ వో. వరస తిరగేస్తే సేజాన్ పలచగా అనిపించి, పాపం, అన్యాయంగా మార్కులు పోతాయి.

ఇవి సీసాలోనే మళ్లీ పులిసే బీర్లు, అడుగున ఈస్ట్ మడ్డి ఉంటుంది. సీసాను ముందురోజే నిలబెట్టి, గ్లాసు వంచి మెల్లగా పోసి, చివరి వేలెడు బీరు వదిలేయండి. ఫ్రిజ్‌లోంచి తీశాక పదిహేను నిమిషాలు ఆగాలి; మరీ చల్లగా ఉంటే ఈ బీర్లలోని మిరియాల ఘాటు అసలు తెలియదు. వాసనకు మార్కులు నురగ తగ్గకముందే వేసేయండి.

ఆకుపచ్చ సీసాకు వెలుతురు తగిలితే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) చెడి కంపు కొడుతుంది. అది నిల్వలో జరిగిన తప్పు. ఆ సీసాను లెక్కలోంచి తీసేసి ఇంకోటి తెరవండి.