200 ఎంబీపీఎస్ ప్లాన్ కట్టినా 94 దాటని నెట్

నెట్ స్లోగా ఉందని ఎవరు ఫోన్ చేసినా నేను మొదట అడిగేది ఒక్కటే: రౌటర్ పక్కన నిలబడి స్పీడ్ టెస్ట్ చేశారా? రౌటర్ ఆపి ఆన్ చేయడం, కంపెనీని తిట్టడం అందరూ చేస్తారు. ఇదొక్కటే ఎవరూ చేయరు.

పక్కన బాగుండి పడకగదిలో రాకపోతే తప్పు కంపెనీది కాదు, గోడలది. టీవీ వెనకో, ఇనుప బీరువా పక్కనో ఇరికించిన రౌటర్‌ని బయటికి తీసి, కాస్త ఎత్తులో పెట్టండి. చాలా రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫైలు ఇస్తాయి. ఫోన్ 2.4లో ఉంటే 5కి మార్చి చూడండి. అపార్ట్‌మెంట్లలో 2.4 నిండా పక్కిళ్ల రౌటర్లే. కాకపోతే 5 గోడలు సరిగా దాటదు.

నెట్ పూర్తిగా పోయి, ఫైబర్ బాక్సు మీద ఎల్‌ఓఎస్ (LOS, అంటే సిగ్నల్ రావట్లేదని) దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఫైబర్ తీగ సంగతి చూడాలి. సోఫా వెనక మడత పడిందేమో చూడండి. లేకపోతే లైన్‌మ్యాన్ రావాల్సిందే. తీగ ఊడదీసి చివర కంటి దగ్గర మాత్రం పెట్టుకోవద్దు.

ఇక నన్ను ఏడిపించిన కేసు. మాది మేడ ఇల్లు. కింద ఫైబర్ బాక్సు, అక్కణ్నుంచి లాన్ కేబుల్‌తో పైన రెండో రౌటర్. ప్లాన్ 200. పైన రౌటర్‌కి ఆనుకుని నిలబడినా 94. పొద్దున 94, అర్ధరాత్రి 94. వైఫై ఛానెల్ మార్చాను, కొత్త రౌటర్ కొన్నాను, కస్టమర్ కేర్ వాళ్లతో గొడవ కూడా పడ్డాను. పదిహేను రోజుల తర్వాత బుద్ధొచ్చి కింద బాక్సు దగ్గర టెస్ట్ చేస్తే 190 పైనే!

వైఫై స్పీడ్ ఎప్పుడూ ఊగుతుంది. కదలకుండా 93, 95 మధ్య నిలబడిందంటే కేబుల్ 100కి పడిపోయిందని అర్థం. లాన్ కేబుల్‌లో ఎనిమిది తీగలుంటాయి. 100కి నాలుగు చాలు, 1000కి ఎనిమిదీ కావాలి. 100కి అక్కర్లేని ఆ మిగతా నాలుగింట్లో ఒక్కటి తెగినా చాలా రౌటర్లు చప్పుడు చేయకుండా 100కి దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి కేబుల్ మీద అనుమానం రాదు. మా ఇంట్లో మెట్ల కిటికీ దగ్గర ఎలుక కొరికింది. పై తొడుగు చిరిగి, బ్రౌన్ తీగ ఒక్కటే తెగి ఉంది. కొన్ని ఇళ్లలో బిగించినవాళ్లే నాలుగు తీగలతో సరిపెట్టేస్తారు.

రౌటర్ సెట్టింగ్స్‌లో పోర్టు (లాన్ కేబుల్ గుచ్చే చోటు) స్పీడ్ 100 అని ఉందా, 1000 అని ఉందా చూడండి. 100 ఉంటే ముందు వేరే కేబుల్ పెట్టి చూడండి. మారితే పాతది తీసేసి క్యాట్ 6 రకం లాన్ కేబుల్ వేయించండి, ఎనిమిది తీగలూ చివరి ప్లగ్గులో బిగించేదాకా (క్రింప్ చేసేదాకా) పక్కనే ఉండండి. మారకపోతే పోర్టే 100ది అయి ఉంటుంది, చవక రౌటర్లలో ఇది మామూలే. అప్పుడు రౌటరే మార్చాలి.

వైరస్, పాస్‌వర్డ్ కొట్టేసిన పక్కింటి కుర్రాడు లాంటివి చివర్లో చూసుకోవచ్చు. మైక్రోవేవ్ 2.4ని ఇబ్బంది పెట్టే మాట నిజమే, కానీ కూర వేడయ్యే ఆ రెండు నిమిషాలే.