రేడియో గెలాక్సీల గుండెలోకి పరారుణ చూపు – పాఠం 4: గుంట లోతు కొలుద్దాం

కిందటి పాఠంలో రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచించడం వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే అంకె) సరిచేయడం నేర్చుకున్నాం. సిగ్నస్ ఎ అనే రేడియో గెలాక్సీ (రేడియో తరంగాలను విపరీతంగా వెదజల్లే గెలాక్సీ) రెడ్‌షిఫ్ట్ 0.056 కాబట్టి, మన టెలిస్కోపుకు 10.24 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తరంగదైర్ఘ్యం దగ్గర అందే కాంతి అక్కడ బయల్దేరినప్పుడు 9.7 మైక్రాన్లు. సరిగ్గా ఆ చోట వర్ణపటం లోపలికి కుంగి ఉంటుంది. ఆ గుంట లోతు కొలవడమే ఇవాళ్టి పని.

ముందు ఇది ఎందుకో చూద్దాం. సిగ్నస్ ఎ రేడియో ఆకాశంలో అత్యంత ప్రకాశవంతమైన వాటిలో ఒకటి. ఆ ఉద్గారం రెండు వేరువేరు ముద్దలుగా వస్తోందని 1953లో జెన్నిసన్, మృణాల్ కుమార్ దాస్‌గుప్తా చూపించారు. అంత శక్తి పుట్టాలంటే నడుమ క్వేజార్ (భారీ కృష్ణబిలంలోకి పడే పదార్థం వేడెక్కి మిరుమిట్లు గొలిపే గెలాక్సీ కేంద్రం) లాంటిది ఉండాలి. మామూలు కాంతిలో చూస్తే మాత్రం నేరుగా కనబడదు. శక్తిమంతమైన రేడియో గెలాక్సీ, క్వేజార్ ఒకటే వస్తువని, మనం చూసే కోణాన్ని బట్టి వేరుగా కనిపిస్తాయని 1989లో పీటర్ బార్తెల్ వాదించాడు. పక్కనుంచి చూస్తే టైరు ట్యూబులా చుట్టుకున్న ధూళి అడ్డొస్తుంది. అచ్చంగా నివురుగప్పిన నిప్పు. నిప్పు కనబడకపోయినా నివురు వేడెక్కుతుంది, ఆ వేడి పరారుణంలో బయటపడుతుంది. 2898ని కెల్విన్లలో ఉష్ణోగ్రతతో భాగిస్తే కాంతి ఎన్ని మైక్రాన్ల దగ్గర గరిష్ఠంగా ఉంటుందో వస్తుంది. 300 కెల్విన్ల ధూళికి అది దాదాపు 10 మైక్రాన్లు.

ఇక గుంట సంగతి. సిలికేట్ రేణువుల్లో సిలికాన్, ఆక్సిజన్ బంధం సాగి ముడుచుకునేటప్పుడు పీల్చుకునే కాంతి 9.7 మైక్రాన్ల చుట్టుపక్కలది. వెనక వేడి ధూళి, ముందు చల్లని ధూళి ఉంటేనే గుంట పడుతుంది. వేడెక్కిన ముఖమే మనవైపు ఉంటే అదే చోట గుంటకు బదులు గుట్ట లేస్తుంది. 2005లో స్పిట్జర్ అనే పరారుణ అంతరిక్ష టెలిస్కోపు కొన్ని క్వేజార్లలో ఆ గుట్టను చూపించింది. నాకు ఈ విషయంలో అన్నిటికంటే నచ్చేది ఇదే: రేణువులు అవే, గుట్టో గుంటో తేల్చేది మనం నిలబడ్డ చోటు.

కొలత ఇలా చేయండి. అడ్డంగా తరంగదైర్ఘ్యం, నిలువుగా కాంతి తీసుకుని, రెండు అక్షాలూ లాగ్ స్కేలులో పెట్టి గ్రాఫ్ గీయండి. 5.5 మైక్రాన్ల దగ్గర ఒక చుక్క, 14 దగ్గర ఇంకో చుక్క పెట్టండి. 14.3 దగ్గర నియాన్ గీత (నియాన్ వాయువు వెలువరించే కాంతి వల్ల వర్ణపటంలో లేచే సన్నని మొన) ఉంటుంది, దాన్ని తాకకండి. రెండు చుక్కలనూ స్కేలుతో కలపండి. ధూళి అడ్డు లేకపోతే వర్ణపటం దాదాపు ఆ గీత మీదుగానే వెళ్లేదని మన ఊహ. ఇప్పుడు 9.7 దగ్గర గీత ఎత్తు చూడండి, అసలు కాంతి ఎంతో చూడండి. సాధన కోసం మనం గీసిన గీత 120 మిల్లీజాన్స్కీలు (మనకు అందే కాంతిని కొలిచే ప్రమాణం), అసలు కాంతి 45 అనుకుందాం. 120ని 45తో భాగిస్తే 2.67. కాల్క్యులేటర్‌లో ఎల్ఎన్ (సహజ లాగరిథమ్ మీట, ln) నొక్కితే 0.98. గుంట లోతు అదే.

మన గెలాక్సీ ధూళిలో ఈ లోతును సుమారు 18.5తో గుణిస్తే దృశ్యకాంతి ఎన్ని మాగ్నిట్యూడ్లు (ప్రకాశాన్ని కొలిచే మెట్లు; 5 మెట్లంటే వంద రెట్ల తేడా) తగ్గిందో వస్తుంది. అంటే ఇక్కడ 18. కాంతి దాదాపు కోటిన్నర వంతులకు పైగా తగ్గినట్టు! మామూలు కాంతిలో క్వేజార్ నేరుగా కనబడకపోవడంలో ఆశ్చర్యమేముంది? పైగా ధూళి ముద్దముద్దలుగా ఉంటే గుంట కొంత పూడిపోతుంది. అప్పుడు అసలు అడ్డు మనకొచ్చిన అంకె కంటే ఎక్కువే ఉండొచ్చు.

అందరూ తప్పటడుగు వేసే చోటు ఒకటుంది. మొదట్లో నేనూ వేశాను. కొత్త నక్షత్రాలు పుట్టే గెలాక్సీల్లో 7.7, 11.3 మైక్రాన్ల దగ్గర కర్బన అణువుల గుట్టలు లేస్తాయి. ఆ రెండు గుట్టల మధ్య పల్లం అచ్చం సిలికేట్ గుంటలాగే కనిపిస్తుంది. గుట్ట శిఖరం మీద చుక్క పెట్టి గీత గీస్తే లేని ధూళి లెక్కకొస్తుంది. అందుకే 6.2 దగ్గర కూడా గుట్ట ఉందేమో ముందు వెతకండి. ఉంటే ఆ గుట్టల వాటా తీసేశాకే కొలవాలి.

ఇంకో జాగ్రత్త. స్పిట్జర్ అద్దం 85 సెంటీమీటర్లే. 10 మైక్రాన్ల దగ్గర అది విడదీసి చూడగలిగేది 3 ఆర్క్‌సెకన్ల (ఆర్క్‌సెకన్ అంటే డిగ్రీలో 3600వ వంతు) వరకే. సిగ్నస్ ఎ దూరంలో అది దాదాపు 10,000 కాంతి సంవత్సరాల వెడల్పు. గుంట కృష్ణబిలం పక్కనున్న ధూళిదో, గెలాక్సీకి అడ్డంగా పరుచుకున్న మామూలు ధూళిదో అంత మసక చూపుతో తేలదు. 6.5 మీటర్ల అద్దమున్న జేమ్స్ వెబ్ అంతరిక్ష టెలిస్కోపుకు ఇది 0.4 ఆర్క్‌సెకన్లు. తేడా చాలా ఉంది కదా.

ఇంటిపని: గీత 200, అసలు కాంతి 90. లోతెంత? 6.2 దగ్గర గుట్ట కూడా కనబడుతోంది అనుకోండి. మీకొచ్చిన అంకె నిజం కంటే ఎక్కువా, తక్కువా? కారణం రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో ఇవాళ తాకొద్దన్న ఆ నియాన్ గీతనే పట్టుకుందాం.