తామర క్యాప్సూల్ కొనే ముందు కొలెస్ట్రాల్ మాత్ర పట్టీ చూపించండి

నాట్ల రోజుల్లో తడిబట్టలతోనే పొద్దుగూకుతుంది కాబట్టి డెల్టాలో తామర మామూలే. చాలామంది చీటీ లేకుండానే మెడికల్ షాపులో ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ అడిగి తెచ్చుకుంటారు. కొలెస్ట్రాల్‌కు రోజూ అటోర్వాస్టాటిన్ మాత్ర వేసుకునేవారు మాత్రం ఆ పని చేయకండి. అటోర్వాస్టాటిన్‌ను కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమును ఇట్రాకొనజోల్ అడ్డుకుంటుంది. దాంతో మాత్ర రక్తంలో పేరుకుపోయి కండరాలు దెబ్బతినొచ్చు. అదే కోవకు చెందిన కొలెస్ట్రాల్ మాత్ర సిమ్వాస్టాటిన్‌తో అయితే అసలు కలపకూడదు. ఆ కోవలోదే అయిన రోసువాస్టాటిన్‌కు ఈ చిక్కు చాలా తక్కువ. గొంతు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్లకు రాసే యాంటీబయాటిక్ క్లారిత్రోమైసిన్‌తోనూ ఇదే పేచీ.

పట్టీ మీద కంపెనీ పెట్టిన పేరు ఒకటి ఉంటుంది. అసలు మందు పేరు, మిల్లీగ్రాములు కూడా దాని మీదే ఉంటాయి, డాక్టరుకి అవే చూపించండి. పైపూత క్రీము చాలంటారో, కొలెస్ట్రాల్ మాత్ర కొన్నాళ్లు ఆపమంటారో, మారుస్తారో ఆయన ఇష్టం. మీ అంతట మీరు మానేయొద్దు. క్యాప్సూల్స్ అయిపోయాక కూడా ఇట్రాకొనజోల్ వారం, రెండు వారాలు ఒంట్లో ఉంటుంది. ఆపిన మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలెట్టాలో కూడా అడగండి.

రెండు తొడలూ, భుజాలూ కారణం లేకుండా లాగుతుంటే ఊడ్పుల నొప్పులేలే అనుకోకండి. మూత్రం డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీపీకే రక్తపరీక్ష చేస్తారు.

ట్రైగ్లిజరైడ్లకు (రక్తంలో ఉండే ఒక రకం కొవ్వుకు) ఫెనోఫైబ్రేట్ కూడా వాడుతుంటే ఆ సంగతి ముందే చెప్పండి, కొలెస్ట్రాల్ మాత్రతో జంటగా వాడితే కండరాల ముప్పు ఇంకాస్త ఎక్కువ.