ఇల్లు కట్టించే ముందు మేస్త్రీతో రేటు మాట్లాడుకోవడం ఎలా?

"అడుక్కి ఎంత?" ఇల్లు మొదలుపెట్టేవాళ్లు మేస్త్రీని మొదట అడిగేది ఇదే. ఇద్దరు ముగ్గుర్ని అడిగి, తక్కువ చెప్పినాయనకి అడ్వాన్సు ఇచ్చేస్తాం. మేమూ అదే చేశాం.

1. ముందు ఏ కాంట్రాక్టో తేల్చుకోండి. లేబర్ కాంట్రాక్టు అయితే కూలి మేస్త్రీది. సిమెంటు, ఇసుక, ఇనుము మీరు కొనివ్వాలి. సెంట్రింగ్ సామాను, అంటే స్లాబ్ పోసేటప్పుడు కింద ఆనించే రేకులు, కర్రలు ఎవరివో అడగండి. విడిగా కట్టుకునే ఒక్క ఇంటికి, కూలి వరకే ఇచ్చే కాంట్రాక్టుకి జీఎస్టీ లేదు. మెటీరియల్‌తో కలిపి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నాయనకి ఇస్తే 18 శాతం పడుతుంది. చెప్పిన రేటులో అది కలిసి ఉందా, పైన వేస్తారా?

2. అడుగులు ఎలా కొలుస్తారో అడగండి. అసలు తేడా వచ్చేది ఇక్కడే. మా ఇల్లు 900 చదరపు అడుగులని మా లెక్క. బిల్లు మాత్రం 1,100కి వచ్చింది. పోర్టికో 120, మెట్ల పైన హెడ్‌రూమ్ 80. "స్లాబ్ పడిన చోటల్లా కొలుస్తామండీ, మామూలే" అన్నాడు మేస్త్రీ. నిజమే, చాలామంది అలాగే కొలుస్తారు. అడక్కపోవడం మాదే తప్పు. అడుక్కి 400 అనుకుంటే 3,60,000 అవుతుందనుకున్నది 4,40,000 అవుతుంది! పది రూపాయల కోసం బేరమాడిన మనం ఈ ఎనభై వేల సంగతి పట్టించుకోం. బాల్కనీ, సన్‌షేడ్ పూర్తిగా లెక్కిస్తారో సగమో, ప్లాన్ కాగితం మీదే రాయించుకోండి.

3. రేటులో రానివేంటో విడిగా రాయించండి. సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, ఎలివేషన్ (ఇంటి ముందు వైపు డిజైను పని) సాధారణంగా వేరే లెక్క. లేబర్ కాంట్రాక్టులో కరెంటు, ప్లంబింగ్, టైల్స్, రంగుల కూలీ చాలాసార్లు వేరే.

4. మెటీరియల్‌తో ఇస్తే "మంచి కంపెనీ సిమెంటు" అన్న మాటతో సరిపెట్టుకోవద్దు. కంపెనీ పేరు, ఇనుము గ్రేడు, టైల్స్ అడుగు ఎంతలోపు అన్నది అగ్రిమెంటులో ఉండాలి.

5. డబ్బు రోజుల లెక్కన కాదు, పని లెక్కన ఇవ్వండి: బేస్‌మెంటు అయ్యాక ఇంత, స్లాబ్ పోశాక ఇంత, గోడలకి, ప్లాస్టరింగ్‌కి ఇంత అని. వారంవారం కూలీలకి ఇచ్చేదీ అందులోంచే తీసెయ్యాలి. ఓ పుస్తకంలో రాసి మేస్త్రీ సంతకం తీసుకోండి. ఆఖరి 5 శాతం మాత్రం, బాత్రూముల్లో రెండు రోజులు నీళ్లు నిలబెట్టి, గోడలకి చెమ్మ రాలేదని చూశాకే ఇవ్వండి.