నెలసరి నొప్పి ముదరకముందే ఎలా ఆపుకోవాలి?

భీమవరం, కాకినాడ, రాజమహేంద్రవరం... ఏ లేడీస్ హాస్టల్లో చూసినా, నెలకోసారి క్లాసు మానేసి మంచం మీద ముడుచుకుపోయే అమ్మాయిలు ఉంటారు. ఇంటికి ఫోన్ చేస్తే "ఒక కాన్పయితే అదే పోద్దిలే" అంటారు. చదువుకునే పిల్లని అన్నేళ్లు ఓర్చుకోమనడం అన్యాయం. దీనికి మందుంది, వేసుకునే పద్ధతీ ఉంది.

ముందు ఓ మూడు నెలలు ఫోన్‌లో రాసుకోండి: డేట్ ఎప్పుడొచ్చింది, నొప్పి ఏ గంటకు మొదలైంది, పొత్తికడుపులోనా, నడుములోనా, తొడల్లోనా, ఏం వేసుకుంటే తగ్గింది. మామూలు నొప్పయితే బ్లీడింగ్‌తోనో, కొన్ని గంటల ముందో మొదలై రెండు మూడు రోజుల్లో పోతుంది.

ఇక మాత్ర సంగతి. అమ్మాయిలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గర్భసంచి లోపలి పొర ఊడేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పుట్టి గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తాయి. వాంతులు, విరేచనాలు కూడా చాలావరకు వాటి వల్లే. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ లాంటివి వాటిని పుట్టకుండా ఆపుతాయి గానీ, అప్పటికే పుట్టినవాటిని తీసేయలేవు. అందుకే మెలికలు తిరిగిపోయేదాకా ఆగకండి. నడుము లాగడం మొదలవగానే, లేదా మరక కనపడగానే, రెండు ఇడ్లీలైనా తిని వేసుకోండి. ఐబుప్రొఫెన్ అయితే 400 మి.గ్రా., అవసరాన్ని బట్టి 6 నుంచి 8 గంటలకొకటి, రోజుకు 1200 మి.గ్రా. మించకుండా, రెండు మూడు రోజులే. రెండు రకాలూ కలపొద్దు. ఆ రెండు మూడు రోజులు వేసుకున్నంత మాత్రాన పిల్లలు పుట్టకుండా పోరు, ఆ భయం పెట్టుకోకండి.

ఆస్తమా, అల్సర్, కిడ్నీ జబ్బు ఉంటే, గర్భం వచ్చిందేమోనన్న అనుమానమున్నా డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. మెఫెనమిక్ యాసిడ్ వేసుకున్నాక ఒంటిమీద దద్దుర్లు, జ్వరం వస్తే ఆపేసి ఆసుపత్రికి వెళ్లాలి. 2023లో మందుల భద్రతను గమనించే కేంద్ర సంస్థ ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ దీని మీదే హెచ్చరిక ఇచ్చింది. మన డెల్టాలో వానాకాలం దోమల సంగతి తెలిసిందే. డేట్ టైములో జ్వరం తగిలితే డెంగ్యూ కాదని తేలేదాకా ఈ మాత్రల జోలికి పోకుండా పారాసెటమాల్‌తో సరిపెట్టుకోండి.

హాస్టల్లో కెటిల్ ఒప్పుకోరా? మెస్‌లో వేడినీళ్లు స్టీలు సీసాలో పోయించుకుని, తువ్వాలు చుట్టి పొత్తికడుపు మీద పెట్టుకోండి. మిగతా రోజుల్లో వారానికి మూడుసార్లు కాలవగట్టున ముప్పావుగంట నడిచినా నొప్పి తగ్గుతుంది.

ఏటికేడు నొప్పి పెరుగుతున్నా, డేట్ లేని రోజుల్లో కూడా వస్తున్నా, మలమూత్రాలకు వెళ్లేటప్పుడు నొప్పి పుట్టినా, గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు సరిగ్గా మాత్ర వేసినా లొంగకపోయినా ఆలస్యం చేయకండి. అమలాపురం ఏరియా ఆసుపత్రిలోనో, కాకినాడ జీజీహెచ్‌ (ప్రభుత్వ పెద్దాసుపత్రి)లోనో గైనిక్ డాక్టరుకు మీరు రాసుకున్నది చూపించండి. పెళ్లికాని పిల్లని అక్కడికెలా తీసుకెళ్లాలని అమ్మ జంకుతుంటే, మామూలుగా పొట్ట మీద నుంచే స్కాన్ తీస్తారని చెప్పండి. స్కాన్ నార్మల్ అన్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ వెళ్లండి. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే ఎండోమెట్రియోసిస్ అనే జబ్బు తొలిదశలో స్కాన్‌కు దొరక్కపోవచ్చు.